సోమాలీలో నెలల పేర్లు అడిగితే మూడు జాబితాలు ఎందుకొస్తాయి?

సోమాలీ పల్లెల్లో ఒక పెద్దాయన్ని వయసెంత అని అడిగితే సంవత్సరాల్లో చెప్పొచ్చు, లేదా ‘గూ’ల్లో చెప్పొచ్చు. గూ అంటే వానాకాలం. ఏప్రిల్‌లో మొదలై జూన్ దాకా పడే పెద్ద వానలకు అక్కడ ఆ పేరు. అరవై గూలు అంటే అరవై సార్లు ఆ వానలు చూశాడని అర్థం. మనకిది మరీ వింతేం కాదు. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘వర్షం’ అనే మాటకూ వాన, సంవత్సరం అని రెండర్థాలూ ఉన్నాయి. కాకపోతే మనం వాన అర్థాన్నే ఎక్కువ వాడి, రెండోదాన్ని ‘సహస్ర వర్షాలు’ లాంటి పురాణాల భాషకు వదిలేశాం. సోమాలీలకు మాత్రం అది ఇప్పటికీ బతికున్న వాడుక.

అయితే సోమాలీ నెలల పేర్లు రాసిమ్మని ముగ్గుర్ని అడిగితే మూడు రకాల కాగితాలు చేతికి రావచ్చు. ఒకదాంట్లో జన్నాయో, ఫెబ్రాయో, మార్సో అని ఉంటుంది. రెండోదాంట్లో సకో, సఫర్, మౌలీద్. మూడోదాంట్లో కరన్, దైర్‌వేన్, హైస్. మూడింట్లో ఏదీ తప్పు కాదు. చిక్కల్లా వీటిని పక్కపక్కన పెట్టి ‘జనవరి అంటే సకో’ అనుకోవడంతో మొదలవుతుంది. ఈ మూడూ ఒకే ఏడాదికి మూడు పేర్లు కావు. మూడు వేరువేరు ఏడాదులు.

వారాలతో మొదలుపెడదాం, అక్కడ పెద్ద గొడవ లేదు. అహద్, ఇస్నీన్, తలాదో, అర్బఒ, ఖమీస్, జిమ్‌ఎ, సబ్తి. అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే. ఆదివారం నుంచి గురువారం దాకా ఉత్త అంకెలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. శుక్రవారం అంటే జనం కూడే రోజు, శనివారం అంటే యూదుల విశ్రాంతి దినం పేరు. మంగళవారాన్ని ప్రాంతాన్ని బట్టి తలాదో అనీ సలాస అనీ రెండు రకాలుగా అంటారు. తమాషా ఏమిటంటే సోమాలీకి సొంత అంకెలున్నాయి. రెండును ‘లబ’ అంటారు, అయిదును ‘షన్’ అంటారు. కాబట్టి ఇస్నీన్ అన్నప్పుడు అరబ్బీ రాని సోమాలీ చెవికి ‘రెండోది’ అని వినపడదు, ఒక రోజు పేరు వినపడుతుంది, అంతే. మనం మంగళవారం అన్నప్పుడు అంగారక గ్రహం గుర్తుకు రానట్టే. వారానికి మాత్రం సొంత మాటే నిలిచింది: తొద్దొబాద్. తొద్దొబ అంటే ఏడు.

రాతలో చూసినవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. సోమాలీకి 1972 అక్టోబరులో రోమన్ లిపిని అధికార లిపిగా చేశారు. అందులో గొంతు లోపలి నుంచి వచ్చే ‘హ’ శబ్దానికి ఎక్స్ అక్షరాన్ని, అరబ్బీ ‘అయిన్’ శబ్దానికి సి అక్షరాన్ని వాడుకున్నారు. ఇంగ్లీషులా చదివితే ఆదివారం ‘అక్సద్’ అవుతుంది, శుక్రవారం ‘జిమ్స్’ అవుతుంది. తెలుగులో రాసేటప్పుడు అహద్, జిమ్‌ఎ అని రాసుకుంటే మూలానికి కాస్త దగ్గరగా ఉంటుంది.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది ఇంకో మెలిక. ముస్లిం లెక్కలో సూర్యుడు అస్తమించగానే కొత్త రోజు వస్తుంది. అంటే ‘శుక్రవారం రాత్రి’ అంటే మన లెక్కలో గురువారం రాత్రి. హైదరాబాదు వాళ్లకిది విడమరిచి చెప్పక్కర్లేదు. ఉర్దూలో గురువారాన్ని జుమేరాత్ అంటారు, అంటే జుమ్మా రాత్రి. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే సంత పేరు జుమేరాత్ బజార్. శుక్రవారం పుట్టిన మగపిల్లాడికి సోమాలీలు జిమ్‌ఆలె అని పేరు పెడతారు. వాన పడుతుండగా పుడితే రోబ్లె. రోబ్ అంటే వాన. 2020 నుంచి 2022 దాకా సోమాలియా ప్రధానిగా ఉన్న మొహమ్మద్ హుస్సేన్ రోబ్లె పేరు చివర ఉన్నది ఆ వానే.

ఇక నెలలు. సోమాలీలో నెలను ‘బిల్’ అంటారు, నెలవంకనూ అదే మాటతో పిలుస్తారు. తెలుగులో ‘నెల’కు చంద్రుడనీ మాసమనీ రెండర్థాలున్నట్టే. నెలవంక, నెలరేడు, నెల తప్పడం అన్నీ ఆ ఒక్క మాట పిల్లలే. కాబట్టి బిల్ అంటే మొదట చాంద్రమానమే. ఇస్లామీ సంవత్సరంలోని పన్నెండు నెలల్ని సోమాలీలు ఉన్నవున్నట్టు అరబ్బీ పేర్లతో పిలవకుండా చాలావాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. ఆ నెలలో ఏం చేస్తామన్నదే చాలా పేర్లకు ఆధారం. మొదటి నెల ముహర్రం వాళ్లకు సకో, అంటే జకాత్ అనే మతవిధి దానం ఇచ్చే నెల. మూడోది మౌలీద్, ప్రవక్త పుట్టిన నెల. రంజాన్ నెల పేరు సోన్, అంటే ఉపవాసం. దాని తర్వాతది సోన్‌ఫుర్. ‘ఫుర్’ అంటే తెరవడం, విప్పడం. ఉపవాసం విప్పే నెల. పన్నెండోది అరఫో, హజ్ యాత్రికులు నిలబడే అరఫాత్ మైదానం పేరు మీద వచ్చింది. మధ్యలో సబూహ్, వాబ్బెరీస్, సిదతాల్ లాంటివి వస్తాయి. ప్రాంతం మారితే కొన్ని పేర్లూ మారతాయి.

ఈ నెలలతో ఒక చిక్కుంది. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు. సూర్యుడి లెక్క కంటే పదకొండు రోజులు తక్కువ. మన పంచాంగంలో అయితే రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం వేసి చంద్రుణ్ణి లాక్కొచ్చి రుతువుల దగ్గర నిలబెడతాం. ఇస్లామీ లెక్కలో అధికమాసం లేదు. అందుకే సోన్ నెల ఒకసారి వానల్లో వస్తుంది, కొన్నేళ్లకు మండుటెండల్లో వస్తుంది, సుమారు ముప్పై మూడేళ్లకు మొత్తం చుట్టేసి మళ్లీ మొదటికొస్తుంది. ఉపవాసానికీ జకాత్‌కూ దీంతో ఇబ్బంది లేదు. కానీ సకో నెలలో గడ్డి ఉంటుందా అని కాపరి అడిగితే ఆ క్యాలెండర్ దగ్గర జవాబు లేదు.

జన్నాయో జాబితా సంగతి త్వరగా చెప్పేయొచ్చు. దక్షిణ సోమాలియాను ఇటలీ, ఉత్తర భాగాన్ని బ్రిటన్ ఏలాయి. ఉత్తరం 1960 జూన్ 26న స్వతంత్రమైంది, జూలై 1న రెండూ కలిసి ఒకే దేశమయ్యాయి. నెలల పేర్లలో ఇటలీ ముద్ర తెలిసిపోతుంది: మేను మాజో అంటారు, జూలైని లూల్యో, ఆగస్టును అగోస్తో. చివరికొచ్చేసరికి సెబ్తెంబర్, దెసెంబర్ అని ఇంగ్లీషు వాసన కొడుతుంది. జూన్‌కు జూన్ అనీ జూన్యో అనీ రెండూ ఉన్నాయి. ఆఫీసు, బడి, పాస్‌పోర్టు, జీతం అన్నీ ఈ లెక్కలోనే నడుస్తాయి.

అసలు సరుకంతా మూడో జాబితాలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు గాలి గురించి తెలియాలి.

సోమాలీలకు రుతువులు నాలుగు. గూ గురించి చెప్పాను. తర్వాత జూలై నుంచి సెప్టెంబరు దాకా హగా. అక్టోబరు, నవంబరుల్లో చిన్న వానలు పడే దైర్. డిసెంబరు నుంచి మార్చి దాకా జీలాల్. జీలాల్ అంటే అందరికీ భయమే. చెరువులు, నీటి గుంటలు ఎండిపోతాయి, మందలు బావుల చుట్టూ చేరతాయి, ఆ బావుల దగ్గరే తగాదాలు. రెండు వానాకాలాల మధ్య రెండు ఎండు కాలాలు, ఇదీ అక్కడి ఏడాది.

హగాతో మనకొక బంధుత్వం ఉంది. జూన్ వచ్చేసరికి నైరుతి గాలి సోమాలీ తీరం వెంబడి విపరీతమైన వేగంతో వీస్తుంది. ఆ గాలి చాలావరకు తీరానికి సమాంతరంగా పోతుంది. పైగా దాని ధాటికి సముద్రం అడుగునున్న చల్లటి నీరు తీరం దగ్గర పైకి తేలుతుంది. అందుకే అంత గాలి వీచినా అక్కడ పెద్దగా వాన పడదు. అదే గాలి అరేబియా సముద్రం దాటి, దారిపొడవునా తేమ తాగి, కేరళ తగిలి మన మీదికొస్తుంది. వాతావరణ శాస్త్రవేత్తలు దీన్ని సోమాలీ జెట్ అంటారు. 1960ల చివర దీన్ని వివరంగా లెక్కగట్టిన జాన్ ఫిండ్లేటర్ పేరు మీద ఫిండ్లేటర్ జెట్ అనీ అంటారు. మృగశిర కార్తె వచ్చింది, వానలేవీ అని మన రైతు ఆకాశం చూసే రోజుల్లో సోమాలీ జాలరి పడవను ఒడ్డుకు లాగి కట్టేస్తాడు. ఆ నెలల్ని వాళ్లు ‘బద్ హిరన్’ అంటారు, సముద్రం మూసేసిన కాలం. గాలి తగ్గాక వచ్చేది ‘బద్ ఫురన్’, సముద్రం తెరిచిన కాలం. సోన్‌ఫుర్‌లో ఉన్న ‘ఫుర్’ ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. మన పొలంలో పడే వానా, వాళ్ల మూసిన సముద్రమూ ఒకే గాలి పని.

ఇప్పుడు మూడో జాబితా ఎందుకు ఊరికో తీరుగా ఉంటుందో చెప్పొచ్చు. హగా ఎండు కాలమని పైన అన్నాను కదా. వాయవ్యంలో, ఇప్పటి సోమాలీలాండ్, జిబూతీ వైపు, సరిగ్గా ఆ రోజుల్లోనే వానలు పడతాయి. వాటి పేరు కరన్. జీలాల్‌లో దేశమంతా ఎండిపోతుంటే ఉత్తర సముద్ర తీరాన చలికాలపు జల్లులు పడతాయి. వాటి పేరు హైస్. వానకు పెట్టిన పేరే నెలకూ పెట్టుకున్నారు. దైర్‌వేన్ అంటే పెద్ద దైర్. అలాంటప్పుడు కరన్ వానే ఎరుగని దక్షిణాది కాపరి జాబితాలో ఆ పేరు ఉండాల్సిన పనేముంది? ఒకే భాష, ఒకే మతం, కానీ వాన ఒకటి కాదు. ఈ పేర్లన్నిటినీ ఒకే పట్టికలో సర్ది ‘ఇవే అసలు సోమాలీ నెలలు’ అని ప్రకటించేవాళ్లను చూస్తే, ఆ సర్దడంలోనే అసలు సంగతి జారిపోతోందనిపిస్తుంది నాకు.

కాపరికి ఈ లెక్క ఎందుకంత ముఖ్యం? గొర్రె చూడి మోసేది దాదాపు అయిదు నెలలు. దైర్ వానల తర్వాత పొట్టేలును గొర్రెలతో కలవనిస్తే గూ వానల్లో పిల్లలు పుడతాయి. తల్లికి పచ్చిగడ్డి, పిల్లకు పాలు. ఓ రెండు నెలలు ముందు కలిస్తే జీలాల్ నడిమధ్యలో ఈనుతుంది, తల్లీ పిల్లా రెండూ పోయే ప్రమాదం. అందుకని వేళ కాని వేళల్లో పొట్టేళ్లను కట్టడి చేసి ఉంచుతారు. ఒంటె అయితే పదమూడు నెలల దాకా మోస్తుంది కాబట్టి ఇంకా ముందుచూపు కావాలి. సకో, సఫర్ అని లెక్కపెట్టుకుంటే మంద మిగలదు.

వేళ తెలుసుకోవడానికి వాళ్లు చూసింది నక్షత్రాల్ని. ముసా హాజీ ఇస్మాయిల్ గలాల్ అనే సోమాలీ పండితుడు కాపరుల నోటి నుంచి ఈ విద్యను సేకరించి 1968లో రాజధాని మొగదిషులో అచ్చువేయించాడు. అందులో ముఖ్యమైన చుక్క పేరు దిరిర్. మన పంచాంగం భాషలో అది చిత్తా నక్షత్రం. చంద్రుడు ప్రతి నెలా ఒకసారి చిత్త పక్కకు వస్తాడు. కానీ ఏ తిథినాడు వస్తాడన్నది నెలనెలా మారుతుంది. పున్నమి చంద్రుడు చిత్త పక్కన కనిపిస్తే అది మార్చి చివరో ఏప్రిలో. అంటే గూ దగ్గర పడింది. అదే కలయిక నెలవంక రోజుల్లో జరిగితే ఏడాదిలో ఇంకో కాలం. చంద్రుడు వాళ్లకు గడియారం ముల్లయితే చిత్త అంకె. ఈ చూపు మనకు కొత్తదేం కాదు, పున్నమినాడు చంద్రుడు చిత్తతో ఉండే నెలకే కదా చైత్రం అని పేరు. కృత్తికల గుంపుకు వాళ్ల పేరు ఉరుర్, అంటే గుంపు. మనవాళ్లకు అక్కడ పిల్లలకోడి కనిపించింది.

ఈ సౌర సంవత్సరానికి మొదటి రోజు దబ్‌షిద్. దబ్ అంటే నిప్పు, షిద్ అంటే ముట్టించు. జూలై చివరో ఆగస్టు మొదట్లోనో సాయంత్రం మంటలు వేసి వాటి మీంచి దూకుతారు. ఆ రోజు నుంచి 365 రోజులు లెక్కపెడితే మళ్లీ దబ్‌షిద్. లీపు రోజు ఊసే లేదు.

లీపు రోజు లేకపోవడం వల్ల ఒక వెసులుబాటు దొరికింది. 365ను ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఈ ఏడు దబ్‌షిద్ ఆదివారం వస్తే వచ్చే ఏడు సోమవారం, ఆపై ఏడు మంగళవారం, ఎప్పుడూ తప్పదు. జనవరి 1తో ఈ ఆట ఆడి చూడండి: 2023లో ఆదివారం, 2024లో సోమవారం, 2025లో బుధవారం. మధ్యలో మంగళవారాన్ని లీపు సంవత్సరం మింగేసింది. సోమాలీ లెక్కలో ఆ బెడద లేదు కాబట్టి ఏ రోజున మొదలైతే ఆ రోజు పేరే ఏడాదికి పెట్టేశారు. ఆదివారపు ఏడాది, శుక్రవారపు ఏడాది, ఇలా ఏడేళ్లకు ఒక చుట్టు. ఒక వారంలో ఏడు రోజులున్నట్టు, ఒక పెద్ద వారంలో ఏడు ఏడాదులు. ఏడేళ్ల కిందటి శుక్రవారపు ఏడాది వానలు ఎలా పడ్డాయో గుర్తుంటే, రాబోయే శుక్రవారపు ఏడాది ఎలా ఉంటుందో అంచనా వేసేవాళ్లు.

నవ్వేముందు ఉగాదినాడు పంచాంగ శ్రవణం గుర్తు తెచ్చుకోవాలి. ఈ ఏటి రాజు ఎవరు అన్నదానికి జవాబు ఉగాది ఏ వారం వచ్చిందన్నదే. ఆదివారం వస్తే రాజు సూర్యుడు, శనివారం వస్తే శని. దాన్నిబట్టే వానలు, పంటలు, ధరలు చెబుతారు. ఏడాది మొదటి రోజు వారాన్నిబట్టి ఏడాదంతా ఎలా ఉంటుందో చెప్పడం రెండుచోట్లా ఒకటే. తేడా ఎక్కడంటే, మన ఉగాది చాంద్రమానం కాబట్టి రాజుల వరస గజిబిజిగా ఉంటుంది. వాళ్ల వరస మాత్రం గొలుసులా సాగుతుంది.

దబ్‌షిద్‌కు ఇంకో పేరు నేరోష్. ఇది పారశీకుల నవ్‌రోజ్ అని వినగానే తెలుస్తుంది. అయితే పారశీకుల నవ్‌రోజ్ మార్చిలో కదా, ఇది జూలైకి ఎలా వచ్చింది? ఇక్కడా కారణం లీపు రోజే. పాత పారశీక సంవత్సరం కూడా కచ్చితంగా 365 రోజులే, అందుకని నాలుగేళ్లకొక రోజు చొప్పున రుతువుల నుంచి వెనక్కి జరుగుతూ పోయింది. ఇరాన్‌లో 1079లో జలాలీ సంస్కరణతో దాన్ని వసంతానికి కట్టేశారు. ఆ కట్టు తగలని చోట్ల అది జరుగుతూనే ఉంది. మన సికింద్రాబాదులోనూ ముంబైలోనూ పార్సీలు షహెన్‌షాహీ లెక్కన కొత్త ఏడాదిని ఆగస్టు మధ్యలో చేసుకోవడానికి కారణం ఇదే.

సోమాలీ తీరానికి దీన్ని మోసుకొచ్చింది నావికులు. అరేబియా సముద్రంలో గాలుల్ని నమ్ముకుని ఓడలు నడిపేవాళ్లకు చాంద్రమానం ఎందుకూ పనికిరాదు. వాళ్లు నైరూజ్, అంటే ఆ నవ్‌రోజ్ నుంచే ఇన్నో రోజు అని లెక్కపెట్టుకునేవాళ్లు. పదిహేనో శతాబ్దపు అరబ్ నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఏ రేవు నుంచి ఎప్పుడు తెరచాప ఎత్తాలో ఆ లెక్కలోనే రాశాడు. ఇదే కొత్త ఏడాది ఇంకా దక్షిణాన జాంజిబార్‌లోనూ ఉంది. అక్కడ మకుందుచి ఊళ్లో జూలైలో జరిగే మ్వాకా కోగ్వాలో ఊరివాళ్లు రెండు జట్లుగా విడిపోయి అరటి బోదెలతో కొట్టుకుంటారు, ఒక గుడిసె కట్టి తగలబెడతారు. మొగదిషుకు వాయవ్యంగా సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో, షెబెలె నది ఒడ్డున అఫ్‌గోయె అనే ఊరుంది. అక్కడి కొత్త ఏడాది పండగ ఇస్తున్‌కాలోనూ ఇలాగే రెండు జట్లు కర్రలతో కలబడతాయి, ఎవరి కవి వాళ్లను పాటలతో రెచ్చగొడతాడు. మనం దేవరగట్టు కర్రల సమరం చూశాం కాబట్టి ఊహించుకోవడం కష్టం కాదు.

ఈ మంటలు, దూకడాలు అగ్నిపూజ అవశేషాలని మతపెద్దలు ఎప్పటినుంచో ఆక్షేపిస్తున్నారు. దబ్‌షిద్ పారశీకుల నుంచి వచ్చిందా, ఇస్లాంకు ముందు నుంచీ అక్కడ ఉందా అన్న వాదనా ఉంది. నేరోష్ అన్న పేరు ఓడ మీద వచ్చిందనడంలో నాకు సందేహం లేదు. మంట మాత్రం ఓడ మీదే రావాలని ఏముంది? కొత్త ఏడాదికి నిప్పు ముట్టించాలన్న ఆలోచన మన భోగికి ఎవరూ ఓడలో తెచ్చివ్వలేదు.

ఏడేళ్ల చుట్టుకు ఒక లోపం ఉంది. శుక్రవారపు ఏడాది అంటే ఏ శుక్రవారపు ఏడాది? తాత చిన్నప్పటిదా, నిన్నమొన్నటిదా? మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లున్నాయి కాబట్టి ఒక మనిషి జీవితంలో పెద్దగా పొరపాటు పడం. ఏడు పేర్లతో అది కుదరదు. అందుకని కాపరులు చెడ్డ ఏడాదులకు విడిగా పేర్లు పెట్టుకున్నారు. 1911, 1912 ప్రాంతంలో యుద్ధాల మధ్య వచ్చిన కరువు పేరు హారామఉనె, నిషిద్ధమైనవీ తిన్న కాలం. 1974, 75ల్లో వచ్చింది దబదేర్, పొడుగు తోకది. ఎంతకీ వదలని కరువు. అప్పుడే ప్రభుత్వం కొత్త లిపి నేర్పడానికి పట్నం విద్యార్థుల్ని పల్లెలకు పంపింది, ఆ పంపినవాళ్లే కరువు సాయంలోకీ దిగాల్సి వచ్చింది. మందలు పోగొట్టుకున్న వేలమందిని సోవియట్ విమానాల్లో దక్షిణానికి తరలించి సేద్యం, చేపల వేట నేర్పించే ప్రయత్నం చేశారు. 2016, 17ల కరువు పేరు సిమా, అంటే సమం. ఈ ప్రాంతం, ఆ ప్రాంతం అని లేకుండా అందర్నీ ఒకేలా కొట్టింది కాబట్టి ఆ పేరు.

రాయలసీమలో 1876లో మొదలైన కరువును ఇప్పటికీ ధాత కరువు అంటారు. ధాత ఆ ఏడాది పేరు. 1832, 33ల నాటి గుంటూరు కరువును నందన కరువనీ అన్నారు, డొక్కల కరువనీ అన్నారు. అంటే మన దగ్గర పంచాంగం ఇచ్చిన పేరూ ఉంది, ఆకలి పెట్టిన పేరూ ఉంది. సోమాలీ కాపరి దగ్గర ఉన్నది రెండోదే. నువ్వెప్పుడు పుట్టావు అంటే దబదేర్ ముందు గూలో అంటాడు. పాస్‌పోర్టు ఆఫీసులో ఆ జవాబును జనవరి 1 అని రాసుకుంటారు.